దిగిపోయే సీటు

పొద్దున్నే ఆకాశం బూడిద పూసుకున్నట్టుంది. అటు వానా పడదు, ఇటు ఎండా రాదు. నిజాంపేటలో బయలుదేరిన రామచంద్రం ఫ్లైఓవర్ ఎక్కుతుండగా మోకాలు ఎగిరి హ్యాండిల్‌కు తగిలింది. సైకిల్ పక్కకు ఒరిగింది. వెనకాల కంపెనీ బస్సు కీచుమని ఆగింది.

"పెద్దాయనా, ఇంట్ల చెప్పొచ్చినవా?" అన్నాడు డ్రైవర్ కిటికీలోంచి.

రామచంద్రం దిగి చూశాడు. సీటు జానెడు కిందికి దిగి ఉంది.

హైటెక్ సిటీలో ఒక కంపెనీ భవనానికి లిఫ్టులు, ఏసీలు చూసే సూపర్‌వైజరాయన. వయసు యాభై ఏడు. బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమవుతుంటే మేనేజర్ భరత్ నవ్వుతూనే చెప్పాడు, "ఇంకోసారి లేటైతే వేరేవాళ్లను చూసుకోవాల్సి వస్తుంది రామచంద్రం గారూ." అందుకే కొండాపూర్ దుకాణం నుంచి వంగిన హ్యాండిలున్న రోడ్ బైకు తెచ్చాడు. ఆదివారం సాయంత్రం దాకా తొక్కి చూసి, కుదరకపోతే వాపస్ ఇవ్వొచ్చు.

తెచ్చినరోజే భార్య బుచ్చమ్మ మూతి తిప్పింది. "ఈ వయసుల గా వంగుడేంది? దొంగ గోడ దుంకుతున్నట్టున్నవ్. వాపస్ ఇచ్చి రా."

ఆ సాయంత్రం సైకిల్ దుకాణం కుర్రాడు నవీన్ సీటు పైకి లాగి, చేతి మీట నొక్కి బిగించాడు. రాడ్డు మీద తెల్ల రంగుతో గీత పెట్టాడు.

"ఈ గీత కనిపిస్తే సీటు సరిగ్గా ఉన్నట్టండి. గొట్టంలోకి దిగిపోయిందంటే బండి మీ బరువు ఆపట్లేదన్నమాట. అప్పుడు ఇచ్చెయ్యండి అంకుల్. ఈ వయసులో పడితే ఎముక అతుక్కోదు." అతని చూపు రామచంద్రం ప్యాంటు మీద పడింది. కుడి పిక్క దగ్గర గొలుసు చక్రం పళ్లు నల్లగా అచ్చు దిగి ఉన్నాయి. నవీన్ నవ్వాడు. "కొత్తగా తొక్కేవాళ్లందరికీ పడే ముద్రేనండి అది."

ఇంట్లో ఆ మరక చూసి బుచ్చమ్మ పెదవి విరిచింది. "ఒంటికే సక్కగ పోదు, బట్టకేం పోతది?"

భయపడుతుందని బస్సు సంగతి, సీటు సంగతి ఆయన ఆమెకు చెప్పలేదు.

మర్నాడు ఆయన లేచేసరికి ఎప్పటిలాగే బుచ్చమ్మ పాలు తెచ్చి పొయ్యి మీద పెట్టింది. ఉక్కపోస్తున్నదని ఈ మధ్య చీర మానేసి, కూతురు ప్రశాంతి వదిలేసిన పంజాబీ డ్రెస్సే వేసుకుంటోంది.

"పాలు చిక్కగున్నయే."

"దూరమైతేంది, బాచుపల్లి బర్రెల పాలు. ప్యాకెట్ నీళ్లు ఎన్నాళ్లు తాగుదుం?"

చాయ్ తాగి సెల్లార్‌లోకి దిగాడు. గీత కనబడలేదు. వాచ్‌మన్ సంతోష్‌ను పిలిచాడు.

"ఎవడన్న నా సైకిల్ ముడుతున్నడా?"

సంతోష్ గేటు వైపు చూస్తూ తల గోక్కున్నాడు. "బయటోళ్లెవరూ రారు సార్."

శనివారం పడుకునేముందు చక్రానికి తాళం వేసి, తాళంచెవి వంటింటి మేకుకు తగిలించాడు. తెల్లారి చూస్తే తాళం వేసింది వేసినట్టే ఉంది. గీత మాత్రం గొట్టంలోకి దిగిపోయింది. తప్పు మనుషులది కాదు, బండిదే. బండి పోతే మళ్లీ బస్సు, బస్సయితే మళ్లీ ఆలస్యం. ఆ తర్వాత ఉద్యోగం ఉంటుందో, ఊడుతుందో.

మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటూ అన్నాడు, "సాయంత్రం సైకిల్ వాపస్ ఇచ్చేస్త."

బుచ్చమ్మ చటుక్కున తలెత్తింది. "జర ఆగరాదు. తొక్కంగ తొక్కంగ అలవాటైతది."

"వద్దన్నది నువ్వే గదా?"

"అప్పుడన్న. ఇప్పుడు నౌకరీ సంగతి గాదా?"

"నౌకరీ కంటె ముందు నేనుండాలె. సీటు దానంతటదే దిగిపోతున్నది. మోకాలు తగిలి మొన్న బస్సు కింద పడేటోన్ని."

గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

"సీటు దిగితె పడ్తరా?" మెల్లగా అడిగింది.

"పడకేం జేస్తరు?"

ఆమె పప్పు వడ్డించి, తానూ పళ్లెం ముందేసుకుని కింద కూర్చుంది. నాలుగు ముద్దలు తిని ఆపేసింది. ఆయన గట్టి పెరుగు కలుపుకుంటుంటే ఆమె పళ్లెం తీసుకుని, మోకాలు మీద చెయ్యి ఆనించి లేవబోయింది. పైజామా అంచు పైకి జరిగింది.

ఆమె కుడి పిక్క మీద గొలుసు చక్రం పళ్ల అచ్చు నల్లగా ఉంది.