పెళ్లి కేసెట్లో అతుకులు

“అగో, మల్ల దుంకింది!” అంది సావిత్రమ్మ టీవీ వైపు వేలు చూపిస్తూ.

తెరమీద పెళ్లికూతురి తల కుడివైపు నుంచి ఎడమవైపుకు ఒక్క ఎగురు ఎగిరింది. పైనుంచి తెల్ల గీతలు. సారంగపాణి నాలుక కరుచుకుని రెండు వీసీఆర్‌లూ ఆపాడు.

“నడుమ ముక్క తీసేస్తే అతుకు కాడ గట్లనే అయితదమ్మా. జర ఓపిక పట్టున్రి.”

“పొద్దుగూకేసరికి పట్నం నుంచి మా అన్న దిగుతాండు. వాకిట్ల టీవీ పెట్టి బజారంతటికి చూపిస్తనన్న. అండ్ల ఆ పోరడు మాత్రం కనపడద్దు.”

ఆ పోరడితోనే వచ్చింది చిక్కంతా. పాలకుర్తి గుట్ట మీద పెళ్లి. తీసినవాడెవడో గాని మైకు పాడైందని కూడా చూసుకోలేదు, మాట ఒక్కటీ ఎక్కలేదు. ఎటు తిప్పినా నాలుగేళ్ల పిల్లగాడు, జారిపోయే నిక్కరు పట్టుకుని. జీలకర్ర బెల్లం దగ్గర వాడే, తలంబ్రాల దగ్గర వాడే.

“ఎవరి పిల్లగాడమ్మా?”

“వంటామె కొడుకు. పెండ్లంటే సాలు, ఇంటిల్లిపాదినీ తోలుకొస్తరు.”

సారంగపాణి హన్మకొండ చౌరస్తాలో ఈ మేడమీది గది తీసుకుని ఎన్నాళ్లో కాలేదు. ఈ కేసెట్ నచ్చిందా, సావిత్రమ్మ వాళ్లుండే బట్టల బజారు పెళ్లిళ్లన్నీ తనవి. నచ్చలేదా, మళ్లీ ఎవరి స్టూడియోలోనో ఫొటోలు కడుక్కోవాలి.

టేపు కాస్త వెనక్కి తిప్పాడు. బొమ్మ కుదురుకునేదాకా ఆగి, రెండు మిషన్ల మీదా రెండు వేళ్లు ఒకేసారి నొక్కాడు. అతుకు మధ్య దీపం బొమ్మ పెట్టాడు. పెళ్లికూతురు తల వంచింది, దీపం వెలిగింది, పెళ్లికూతురు తల ఎత్తింది. పిల్లగాడు మాయం.

“భేష్!” అంది సావిత్రమ్మ.

“ఇంకోపారి ఏయన్నా,” అంది మూలన కూర్చున్న కొత్తకోడలు విజయలక్ష్మి. “ముందుగాల అసలుది ఏయ్. ఏం తీసినవో తెలిస్తెనే గద అతుకు తెలిసేది.”

అసలుది వేశాడు. తర్వాత కొత్తది వేశాడు.

“వాని చెయ్యి కనపడుతాంది,” అందామె.

నిజమే, తెర అంచున రెండు వేళ్లు. అబ్బ, ఏం కళ్లురా బాబూ! మళ్లీ కోశాడు. ఆమె మళ్లీ అసలుది వేయమంది. ఈసారి వాడి నీడ ఉందట. తర్వాత అతుకులో నిక్కరు కొస ఉందట. ప్రతిదానికీ అసలుది, కొత్తది, మళ్లీ అసలుది.

“నా కోడలు నాకన్న నిక్కచ్చి,” అని మురిసిపోయింది సావిత్రమ్మ, వక్కపొడి నోట్లో వేసుకుంటూ.

మధ్యాహ్నానికి సారంగపాణికి ఒళ్లు మండిపోయింది. కాళ్ల పారాణి ఇంకా ఆరలేదు, ఈ పిల్లకు పసివాడి మీద ఇంత కక్షా!

“పాపం పసిపోరడు చెల్లె. వేలు కనపడితె ఏం కొంప మునుగుతది?”

“చెప్పిన పని చెయ్యన్నా,” అంది ఆమె, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆఖరి అతుకు భోజనాల దగ్గర. పిల్లగాడు మూతికంతా లడ్డు పూసుకుని, కెమెరాలోకి చూసి పళ్లన్నీ కనపడేలా నవ్వాడు.

“ఆపన్నా! అక్కడ ఆపు.”

ఆపాడు. తెరమీద నవ్వు వణుకుతూ నిలిచింది.

“ఇండ్ల ఏం తప్పున్నది?”

ఆమె తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. “ఇంకోపారి,” అంది.

“అతుకు అద్దం లెక్కున్నది తల్లీ! నీకో దండం. ఇంకేం గావాలె?”

సావిత్రమ్మ నమలడం ఆపింది. కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది.

“సారంగం, ఇగ ఆ అసలు కేసెట్ మనకెందుకు? తుడిచెయ్యి.”

“పెండ్లిదమ్మా. పోతె మల్ల రాదు.”

“రావద్దనే. నా కండ్ల ముంగట తుడువు.”

విజయలక్ష్మి చటుక్కున లేచింది. “వద్దత్తమ్మా, అతుకు ఇంక సరిగ లేదు. అన్నా, ఒక్కపారి ఏయ్, ఒక్కటంటే ఒక్కపారి.”

పొద్దుటి నుంచి ప్రాణం తోడేసింది కదా, ఆమె మాట కాదనడం సారంగపాణికి హాయిగా ఉంది. టేపు మొదటికి తిప్పి, ఏ వైరూ తగిలించకుండా రికార్డు మీట నొక్కాడు. తెర నల్లబడింది, ఉన్న బొమ్మలన్నీ చెరిగిపోతూ కేసెట్ తిరగసాగింది. ఆమె నిలబడే చూసింది, కేసెట్ అయిపోయేదాకా రెప్ప వేయకుండా. ఎక్కడైనా వాడి ముక్క మిగిలిపోతుందేమోనని కాపలా కాస్తోంది కాబోలు అనుకున్నాడు. ఆడపుట్టుక పుట్టి ఇంత రాతిగుండె ఏమిటో!

“నీ పని మంచిగున్నది,” అంది సావిత్రమ్మ లేస్తూ. “వచ్చే నెల మా మరిది బిడ్డ పెండ్లి. కెమెరా పట్టుకొని నువ్వే రావాలె.”

సారంగపాణి పొంగిపోయాడు. “ఫికర్ చెయ్యకున్రమ్మా!” అని కొత్త కేసెట్ తానే మోసుకుంటూ వాళ్ల వెనకే దిగాడు. కోడలు మెట్టు తప్పబోయి గోడ పట్టుకుంది. అయ్యో అనలేదతను.

రిక్షా ఎక్కాక, అతను కేసెట్ అందిస్తుండగా, సావిత్రమ్మ కోడలి కొంగు ముఖం మీదికి లాగి, చెవి దగ్గర మెల్లగా అంది:

“ఇయ్యాల్టి సంది నీకు కొడుకు లేడు.”