గుత్తివంకాయ కోచింగ్

ఇందుమతికి మొగుడితో ఒకటే చిక్కు. సారథి వంటింటి యంత్రం మాటైనా వింటాడు గానీ పెళ్ళాం మాట వినడు.

చదువంతా చెవి వెనక అంటించుకునే యంత్రపు బిళ్ళలో దొరికే రోజులు కనుక, దంతవైద్య ప్రవేశపరీక్షలో ప్రశ్నలు అడగడం మానేశారు. మైనంముద్దా చాకూ ఇచ్చి, పన్ను చెక్కమంటున్నారు. కూరలన్నీ యంత్రాలే తరిగే ఇళ్ళలో పెరిగిన పిల్లలకు పదునంటేనే బెదురు.

ఆ పరీక్షకే కూర్చోబోతున్న కూతురు హరిణికి సారథి చేతిని నడిపించే తొడుగు కొన్నాడు. ఇందుమతి మాత్రం అటక మీంచి అమ్మమ్మ కత్తిపీట దింపి, రోజుకు ఇరవై వంకాయలు ముందు పెట్టింది.

"తొడిమ ఊడకుండా నాలుగు పక్షాలు చెయ్యవే."

"వంకాయలు కోస్తే డాక్టరైపోతుందా? నీ చాదస్తం గానీ!" అన్నాడు సారథి. అంటూనే ఆర్నెల్లు గుత్తివంకాయ తిన్నాడు.

పరీక్షహాలు గుమ్మంలోనే తొడుగులన్నీ తీయించేశారు. లోపల చాలామంది వేళ్ళు మొరాయించాయి. హరిణి చెక్కిన దవడపన్నుకు మాత్రం రాష్ట్రంలోనే మొదటి ర్యాంకొచ్చింది.

ఫలితాల రోజు భోజనాల దగ్గర సారథి గొణిగాడు.

"నాదే తప్పే, ఇందూ."

ఇందుమతికి స్పష్టంగానే వినిపించింది. అయినా వీధి కిటికీ బార్లా తెరిచి, "ఏవన్నారూ?" అంది.

"నాదే తప్పన్నానే తల్లీ!" అని అరిచాడు సారథి.