ఒక్కరూ మానేయని యూనిట్

"ఇంకొక్క టేక్," అన్నాడు డైరెక్టర్.

కెమెరామన్ ససేమిరా అన్నాడు. వెలుతురు పోతోంది. పైగా పొద్దుటి నుంచీ ఇవే మెట్ల మీద పదిహేడు టేకులయ్యాయి.

"వెలుతురు పోతేనే కదయ్యా దెయ్యం బాగుండేది."

"బాగుంటుంది సరే. కనపడొద్దా?"

సినిమా మొదలైనప్పటి నుంచీ వీళ్ళిద్దరికీ క్షణం పడదు.

చోటు చూస్తే మాత్రం భయానికి కొదవలేదు. ఊరికి దూరంగా, కొండ నెత్తిన, ఎప్పుడో మూతపడ్డ వాతావరణ కేంద్రం. తుప్పు పట్టిన ఇనుప మెట్లు, పగిలిన అద్దాలు, గాలికి దానంతటది కొట్టుకునే తలుపు. కథ కూడా అందుకు తగ్గట్టే ఉంది. ఇక్కడ డ్యూటీకి వచ్చిన అమ్మాయిని దెయ్యం తరుముతుంది. ఆ అమ్మాయి తెర మీద కనిపించదు. సినిమా అంతా ఆమె కళ్ళతో చూస్తున్నట్టే ఉంటుంది. ఇలాంటి ప్రయోగం ఎవడూ చేయలేదని డైరెక్టర్ గట్టిగా నమ్ముతాడు.

అనుమతి ఈరోజు సాయంత్రం ఐదింటితో సరి. ఐదు కొట్టగానే గేటు తాళం తిరిగి ఇచ్చేయాలి. మిగిలింది ఈ మెట్ల షాటు ఒక్కటే. ఇది పడకపోతే సినిమా మూలపడ్డట్టే. ఇంతకు ముందు మొదలుపెట్టిన రెండూ అలాగే మూలపడ్డాయి. ఇతని నోటికి జడిసి యూనిట్ సగంలోనే మూటాముల్లే సర్దుకుంది. మూడోదీ ఆగిపోతే బుద్ధిగా బావమరిది ప్లైవుడ్ కొట్లో కూర్చుంటానని భార్యకు మాటిచ్చాడు. ఆ కొట్టు తలచుకుంటేనే అతని గుండె గుభేలుమంటుంది. దెయ్యాలంటే కూడా అంత భయం లేదు.

మధ్యాహ్నం ఆవిడే ఫోన్ చేసింది.

"ఏమండీ, అంతా ఉన్నారా? ఎవరైనా అలిగి వెళ్ళిపోయారా?"

"ఒక్కడు కూడా వెళ్ళలేదు. నలభై రోజులైంది. పొద్దున్నే అందరూ ఒకేసారి లేస్తారు, ఒకే క్యారియర్‌లో తింటారు."

"మీరు తిట్టడం లేదా?"

"తిడతాను. పడతారు."

"అంత ఓపికున్నవాళ్ళు మీకెక్కడ దొరికారండీ," అని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది.

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మొన్న లైట్‌మన్‌కి జ్వరమొస్తే యూనిట్ మొత్తం రెండు రోజులు మంచం దిగలేదు. అంత కలిసికట్టుతనం కోట్లు పోసి తీసే సినిమాల్లో కూడా కనపడదు.

నాలుగున్నరైంది. మేకప్‌మన్ దెయ్యం మొహానికి మళ్ళీ తెల్లరంగు పులిమాడు. హడావుడిలో కాస్త కంట్లో పడింది. దెయ్యం లబోదిబోమంది.

"కాస్త చూసుకుని చావొచ్చుగా," అంది.

డైరెక్టర్ ఇద్దరికీ సర్దిచెప్పాడు. ఇప్పుడు ఎవరు అలిగినా కొంప మునుగుతుంది.

లైట్‌మన్ లైటు పైకెత్తి కట్టాడు. సౌండ్ మనిషి అందరినీ ఊపిరి బిగబట్టమన్నాడు. అందరూ ఒకేసారి బిగబట్టారు. కెమెరామన్ ఫోన్‌ని స్టాండుకు బిగించి, బటన్ నొక్కి, పక్కకు తప్పుకున్నాడు. క్లాప్ పడింది.

"యాక్షన్."

దెయ్యం మెట్లు దిగింది. అయిదో మెట్టు దగ్గర ఆగి, మొహం మీది జుట్టు లోంచి నేరుగా కెమెరాలోకి చూసింది. పదిహేడు సార్లు రానిది ఈసారి వచ్చింది. ఆ చూపులో నలభై రోజుల ఆకలి ఉంది, అలసట ఉంది, ఇక పోగొట్టుకోవడానికి ఏమీ లేని మనిషి తెగింపు ఉంది.

"కట్. ఓకే," అన్నాడు డైరెక్టర్. కెమెరామన్ కూడా గొడవలన్నీ మర్చిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. సినిమా పూర్తయింది. ప్లైవుడ్ కొట్టు గండం గడిచింది.

షూటింగ్ అయిపోయాక యూనిట్ గ్రూప్ ఫొటో దిగడం ఆనవాయితీ. ఫోన్‌లో పది సెకన్ల టైమర్ పెట్టి, అందరూ పరిగెత్తుకొచ్చి మెట్ల ముందు నిలబడ్డారు. ఫొటో దివ్యంగా వచ్చింది. ఒక్కరు కూడా కళ్ళు మూయలేదు. డైరెక్టర్ అప్పటికప్పుడే దాన్ని ఇంటికి పంపాడు. కింద "మా యూనిట్" అని గర్వంగా రాశాడు.

ఆవిడ ఫొటో తెరిచి చూస్తే, దెయ్యం గౌను వేసుకుని, మెడలో క్లాప్ బోర్డు తగిలించుకుని, ఒక చేత్తో లైటూ ఇంకో చేత్తో మేకప్ బ్రష్షూ పట్టుకుని, తన మొగుడొక్కడే మెట్ల ముందు నిలబడి నవ్వుతున్నాడు.