చేనుకు అడ్డంగా

"ఈ వంక వెంబడి రోడ్డేస్తే నిలవదు నాయనా" అంది ఆనందమ్మ, నెత్తిమీది గడ్డిమోపు దించి.

ఓవర్సీరు సంపత్కుమార్ తలెత్తి చూశాడు. డెబ్బై ఎనిమిదిలో, ఐరాల పక్క పల్లెలను చిత్తూరుకు పోయే పెద్దరోడ్డుతో కలపాలని కొత్త రోడ్డు మంజూరైంది. ఆయన కూలీల చేత వంకగట్టు మీద కొయ్యగూటాలు దిగ్గొట్టిస్తున్నాడు.

"గట్టయితే సర్కారుదమ్మా. ఎవరితోనూ తగాదా ఉండదు."

"వానొస్తే ఈడ గొంతులోతు పారతాది. ఆ కానగచెట్టు సూడు, చెత్త యాడ తగులుకోనుండాదో. తిన్నగా ఆ చేన్లో పోనీ."

చూస్తే నిజమే. కొమ్మల్లో మనిషెత్తున చెత్త వేలాడుతోంది. పైగా చేను మీదుగా అయితే దూరం కూడా సగానికి తగ్గుతుంది.

"చేను దాటినాక ఆ పెంకుటిల్లు అడ్డమొస్తుంది కదమ్మా. ఎవరిది?"

"సుందరరాజుది." పేరు పెట్టి చెప్పింది ఆనందమ్మ. "చేనూ ఆయప్పదే."

"ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోడు. నేను చెప్పినానని మాత్రం అనొద్దు."

మోపు ఎత్తుకుని వెనక్కి చూడకుండా నడిచింది.

కొన్నేళ్ల కిందట ఆమె కూతురు నిర్మల కానుపు నొప్పులతో మెలికలు తిరిగిననాడు ఆ చేను నిండా శెనక్కాయ పంట. చేనుకు అడ్డంపడి పోతే పెద్దరోడ్డు దగ్గరే. అక్కడ బస్సెక్కితే చిత్తూరు ఆసుపత్రి. పక్కింటి గోవిందు బండి కట్టుకొచ్చి చేన్లోకి దించబోయాడు. సుందరరాజు ఎద్దుల ముక్కుతాడు పట్టుకున్నాడు.

"కాయ ఊరే చేను. చక్రం దిగితే ఊరుకోను. వంకలో పొండి."

ఆనందమ్మ అతని కాళ్లు పట్టుకుంది.

"అందరూ కనడంలేదా? ఏమీ కాదు, పొండి" అని కాలు వెనక్కి లాక్కున్నాడు.

వంక ఇసకలో బండి దిగబడింది. నలుగురూ భుజం పెట్టి నెడుతుండగానే నిర్మల ప్రాణం పోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు. అక్కడికి పెద్దరోడ్డు మీది లారీల మోత వినిపిస్తూనే ఉంది.

ఆ ఏడు సుందరరాజుకు శెనక్కాయ బాగా పండింది. ఆనందమ్మ అతన్ని తిట్టలేదు, మన్ను పోసి శపించలేదు. మాట్లాడడం మానేసింది, అంతే.

గూటాలు వంకగట్టు నుంచి చేన్లోకి మారాయి. సుందరరాజు చిత్తూరులో ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పెద్దమనుషులను బతిమాలాడు. ఎక్కడా పని కాలేదు.

"ఆ ఓవర్సీరుకు దావ సూపించిందెవరో తెలిస్తే నరికేస్తా" అని వీధిలోకి వినబడేలా అరిచేవాడు. అది ఎవరో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆనందమ్మ ఆ మాటలు వింటూ చేటలో రాళ్లు ఏరుకునేది.

చేను మీద కంకర పరిచారు. రోలరు ఇంటిదాకా వచ్చిన రోజు కూలీలు గడ్డపారలు పట్టుకుని పైకెక్కారు. ఊరంతా చూడ్డానికొచ్చింది. ఆనందమ్మ అందరికంటే ముందు నిలబడింది. దూలం విరిగిపడినప్పుడు ఆమె రెప్ప కూడా వేయలేదు. తాతలనాటి గడప పెరికేస్తుంటే సుందరరాజు మట్టిలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపును ఆమె చెవినిండా విన్నది. ఇన్నాళ్లకు కడుపు చల్లబడింది.

పొద్దు వాలింది. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

ఆనందమ్మ ఆ మట్టిదిబ్బల పక్కనే మూడు రాళ్లు పేర్చి, విరిగిన వాసం ముక్కలతో పొయ్యి ముట్టించి, సంగటి కెలికి, తనకు తాళి కట్టిన సుందరరాజు ముందు పెట్టింది.