ఒక్కటే సీటు

మొదటి రౌండు సగం కాకముందే మోచేతి దెబ్బ పడింది. కొట్టింది అన్న. తిన్నది తమ్ముడు.

పరుగు ఎనిమిది వందల మీటర్లు. అంటే మైదానం చుట్టూ రెండు రౌండ్లు. పరుగు నేర్పే మాస్టారి హాస్టల్లో సీటు ఒక్కటే. గెలిచినవాడికే అది. రెండేళ్ళుగా ఆ సీటు అన్నదే. మాస్టారి చేతిలో పడితే రాయి కూడా పరిగెడుతుందని అందరూ చెప్పుకుంటారు. ఈ పోటీకి జడ్జీ ఆయనే, టైము చూసేదీ ఆయనే.

అన్నకి ఓపిక ఎక్కువ. తమ్ముడికి వేగం ఎక్కువ. చివరి రెండొందల మీటర్లలో వాణ్ణి అందుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే అన్న మొదటి నుంచే ఊపిరి తీసుకోనివ్వని పరుగు పెట్టాడు. తమ్ముడి కాళ్ళలో సత్తువంతా ముందే పిండెయ్యాలి. వాణ్ణి గెలవనివ్వకూడదు. అంతే.

పొద్దున బూట్లు కట్టుకుంటూ చెప్పి చూశాడు.

"ఆ హాస్టల్‌కి నువ్వు రావద్దురా."

"నీ సీటు పోతుందని భయమా?" నవ్వాడు తమ్ముడు. "అయినా ఇంత ఎండలో ఆ నిండు చేతుల బనియనేంటన్నయ్యా? ఇంట్లో కూడా తియ్యవు."

తల్లి కంచం ఠంగుమని కింద పెట్టింది. "సొంత తమ్ముడు పైకొస్తుంటే ఓర్వలేవట్రా? ఈ కుళ్ళు ఎక్కడ నేర్చావు?"

రెండో రౌండు. మిగతా ఆరుగురూ ఎప్పుడో వెనకబడ్డారు. తమ్ముడు మాత్రం జలగలా పట్టుకునే ఉన్నాడు. చివరి మలుపులో బయటివైపు నుంచి దూసుకొచ్చాడు.

అన్న మోచెయ్యి మళ్ళీ లేచింది. ఈసారి మూతి మీదికి. పెదవి చిట్లి నెత్తురు ఇద్దరి మీదా చిమ్మింది. అయినా వాడు ఆగలేదు. భుజం దాటాడు. ఇంకొక్క అంగ వేస్తే చిక్కడు.

అన్న కాలు విసిరాడు. బూటు అడుగు మేకులు తమ్ముడి మడమ పైన దిగి నరాన్ని తెంపేశాయి. వాడు ముఖం నేలకి కొట్టుకుని పడ్డాడు. ఆ కేక వినపడుతూనే ఉంది. అన్న వెనక్కి చూడకుండా గీత దాటాడు.

తల్లి పరిగెత్తుకొచ్చి పెద్దకొడుకు చెంప పగలగొట్టింది.

"తోడబుట్టినవాడివా, పగవాడివా? ఇంకోసారి నా గడప తొక్కకు."

స్ట్రెచర్ మీంచి తమ్ముడు ఉమ్మిన నెత్తురు బనియన్ మీద పడితే అన్న తుడుచుకోలేదు.

"నడుస్తాడు గానీ, పోటీ పరుగు ఇక మరిచిపోవాల్సిందే" అన్నాడు డాక్టరు కట్టు కడుతూ.

"ఇంకెప్పటికీనా?" అడిగాడు అన్న.

"ఎప్పటికీ."

జనం ఛీ కొట్టారు. మాస్టారు ఒక్కడే భుజం తట్టాడు. "ఈ కసే నాకు కావాలి. పద."

హాస్టల్ గదిలో మాస్టారు తలుపు గడియ పెట్టి, "పోయినసారి కంటే తొమ్మిది సెకన్లు ఎక్కువ, తొమ్మిది దెబ్బలు" అంటూ మేకుకున్న రబ్బరు గొట్టం అందుకుంటే, అన్న పాత వాతలకి అంటుకున్న బనియన్ ఊడదీసి గోడవైపు తిరిగి, తమ్ముడి కాలికున్న కట్టు తలుచుకుంటూ, నిశ్చింతగా ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.