యాప్రాల్‌కు మెట్రో

“స్టేషన్ మా ఫంక్షన్ హాల్ ముంగట పడాలె. లేకుంటే యాప్రాల్‌కు మెట్రోనే వద్దు,” అంటూ మాజీ కార్పొరేటర్ రాఘవేందర్ మైకు లాక్కున్నాడు.

మైకు పోయినా రామభద్రరావు గొంతు తగ్గలేదు. ఆయన ఆ ప్రాంతంలో నాలుగు అపార్ట్‌మెంట్లు కట్టిన బిల్డరు. ఐదోది కట్టేలోగా ఎన్నికల్లో టికెట్టు వస్తుందని ఆశపడుతున్నాడు.

“మీ హాలు ముందు పడితే పెళ్లి భోజనాలకు వచ్చేవాళ్లకు బాగుంటుందండీ. రోజూ ఆఫీసులకు వెళ్లేవాళ్లంతా మా అపార్ట్‌మెంట్లలోనే ఉన్నారు. స్టేషన్ అక్కడే పడాలి.”

ఆదివారం ఉదయం కాలనీ కమ్యూనిటీ హాలు కిటకిటలాడుతోంది. మెట్రోను యాప్రాల్ దాకా పొడిగించే విషయంలో స్థానిక నాయకుల అభిప్రాయాలు వినడానికి పెద్దాఫీసరు వస్తున్నారని ముందురోజంతా ఆటోకు మైకు కట్టి చాటించారు. జోగారావు బ్యాగు పట్టుకుని గుమ్మంలో అడుగుపెట్టి, డిపార్ట్‌మెంటు నుంచి వచ్చానని అన్నాడో లేదో, నాయకులిద్దరూ ఎదురెళ్లి చెరో రెక్కా పట్టుకుని వేదిక మీద నడిమి కుర్చీలో కూర్చోబెట్టారు. చెరో శాలువా కప్పారు. మే నెల ఎండలో, తిరగని ఫ్యాను కింద, ఆ రెండు శాలువాలతో ఆయన ఉడికిపోతున్నాడు.

“అయ్యా, నేను చెప్పాల్సింది...” అన్నాడాయన.

“చెప్పుడు మా పని సార్. ఇయ్యాల మీరు వినాలె,” అన్నాడు రాఘవేందర్.

“అవునండీ, ముందు మా అభిప్రాయాలు వినాలి,” అన్నాడు రామభద్రరావు. ఆ ఉదయం మొత్తానికి వాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

తర్వాత రామభద్రరావు తన అభిప్రాయాన్ని ఇంకాస్త వివరించాడు. స్టేషన్ ఆయన అపార్ట్‌మెంట్ల దగ్గరే ఉండాలి గానీ రైలు మాత్రం కంటికి కనిపించకూడదట. “పైనుంచి పోతే ప్రయాణికులంతా మా బాల్కనీల్లోకి తొంగిచూస్తారండీ. భూమి లోపలినుంచి తీసుకెళ్లాలి.”

రాఘవేందర్ పకపకా నవ్వాడు. “వానొస్తే మన రోడ్డు మీదనే పడవ నడపాలె. కింద రైలేం నడుస్తది రావుగారూ?”

“రోడ్డు మీద నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయో చెప్పండి మరి. ఆ నాలా మీద షాపులు కట్టించిందెవరు?”

“ఆ షాపులు కిరాయికి తీసుకున్నది మీ బామ్మర్ది కాదా?”

నాలా సంగతి అంతటితో ఆగిపోయింది. ఇద్దరూ స్టేషన్ పేరు మీదికి వచ్చారు. ఇంకా సర్వే వాళ్ల మేకు ఒక్కటి కూడా దిగని స్టేషనుకు తన తండ్రి పేరు పెట్టాలని రామభద్రరావు కోరాడు. “మా నాన్నగారికి రైలు ప్రయాణమంటే ప్రాణమండీ,” అన్నాడు. రాఘవేందర్ అంత దూరం పోలేదు. తన పేరే పెట్టమన్నాడు.

“అయ్యా, ఒక్క నిమిషం...” జోగారావు లేవబోయాడు. రెండు పక్కల నుంచీ రెండు చేతులు ఆయన భుజాల మీద పడి మళ్లీ కూర్చోబెట్టాయి.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి కల్పలత లేచింది. ఆమె బేగంపేటలో ఒక హోటల్ రిసెప్షన్‌లో పనిచేస్తుంది.

“అన్నా, జెర నా తక్లీఫ్ సుత వినుండ్రి. పొద్దుగాల ఇంట్లకెళ్లి బయటపడ్తే, ఉన్న ఒక్క బస్సు దొరికి పెరేడ్ గ్రౌండ్ కాడ మెట్రో ఎక్కేదాంక నాకు పరేషానే. నిన్న మల్ల లేటయింది. ఇంకోసారి లేటైతే వేరే పని చూసుకో అన్నడు మా మేనేజర్. ఇంట్ల నా జీతమొక్కటే ఆధారం. మెట్రో ఎన్నడొస్తదో సార్‌ని చెప్పమనుండ్రి.”

రాఘవేందర్ చటుక్కున జోగారావు వైపు తిరిగాడు. “చూసిండ్రా సార్, మా చెల్లె కండ్లల్ల నీళ్లు?”

“నా కండ్లల్ల నీళ్లేం లెవ్వన్నా. ఎన్నడొస్తదని అడుగుతున్న.”

“స్టేషన్ మావైపు పడితే మూడేళ్లలో వచ్చేస్తుందమ్మా,” అన్నాడు రామభద్రరావు.

“మా దిక్కు పడితే రెండేండ్లే,” అన్నాడు రాఘవేందర్.

“ఏడాదిన్నర.”

“వచ్చే దసరాకు రిబ్బన్ కట్ చేస్తం.”

వెనక వరసల్లో చప్పట్లు మోగాయి. కల్పలత మాత్రం చప్పట్లు కొట్టలేదు. నేరుగా వేదిక ఎక్కి, రాఘవేందర్ చేతిలోంచి మైకు తీసుకుని జోగారావు ముందు పెట్టింది.

“మీరు చెప్పుండ్రి సార్. ఎప్పటిసంది నోరు తెరుస్తున్నరు, మూస్తున్నరు. మీ మాట విననీకే నేను ఇయ్యాల సెలవు పెట్టిన.”

సెల్‌ఫోన్లు పైకి లేచాయి. ఫొటోలో సరిగ్గా పడాలని నాయకులిద్దరూ ఆఫీసరుకు చెరోవైపు దగ్గరగా జరిగి, చెయ్యెత్తి జనానికి విజయచిహ్నం చూపించారు.

జోగారావు లేచి నిలబడ్డాడు. శాలువాలు రెండూ తీసి, మడత పెట్టి కుర్చీ మీద ఉంచాడు. ఎదురుగా కల్పలత, చాలా రోజులకు ఒక మంచి మాట వినబోతున్నట్టు ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆయన ఆ చూపు తప్పించుకుని మైకు దగ్గరికి వంగాడు.

“క్షమించాలి. మెట్రో సంగతులు నాకేమీ తెలియవు. నేను బస్సు డిపో నుంచి వచ్చాను,” అన్నాడు. “మీకు మెట్రో వచ్చేస్తోందని ఊరంతా చెప్పుకుంటున్నారు కదా, అందుకని రేపటి నుంచి ఈ కాలనీకి తిరిగే ఒక్క బస్సునూ తీసేస్తున్నాం.”