సరి పేపరు

పన్నెండో ప్రశ్న కూడా తప్పే.

పిల్‌సు ఎర్ర పెన్ను కింద పెట్టి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఫోన్లో కీ చెబుతున్న జవాబు మూడు. కూతురు చీటీ మీద రాసుకొచ్చింది ఒకటి. ఎంతసేపు గుడ్లురిమి చూస్తే మాత్రం ఒకటి మూడవుతుందా!

బాత్‌రూంలో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. హేరాన్ సాయంత్రం పరీక్ష నుంచి వస్తూనే జవాబుల చీటీ తండ్రి చేతిలో పెట్టి, "నువ్వే దిద్దు నాన్నా, నాకు ధైర్యం చాలట్లేదు" అని లోపలికి వెళ్లిపోయింది.

మొత్తం ముప్పై ప్రశ్నలు. నర్సింగ్ కాలేజీలో సీటు రావాలంటే ఇరవై నాలుగైనా ఒప్పు కావాలి. మిగతా పేపర్లు ఎప్పుడూ గట్టెక్కేవే, రెండేళ్లుగా ముంచుతున్నది ఈ లెక్కలే. ఇది మూడోసారి, ఆఖరిసారి కూడా. ఈసారి పోతే పిల్లను గ్వాంగ్జు పంపి ప్యాకింగ్ ఫ్యాక్టరీలో చేరుస్తానని అక్కడుండే చెల్లెలికి మాటిచ్చేశాడు పిల్‌సు.

ముప్పయ్యోది దిద్ది లెక్కపెట్టాడు. పదకొండు. మళ్లీ లెక్కపెట్టినా పదకొండే.

అయ్యో, ఎంత చదివిందని! మోక్పో వీధుల్లో అతను నారింజలమ్ముతుంటే, బండి వెనక పెట్టెల మధ్య కూర్చుని లెక్కలు చేసేది. "నాన్నా, ఐదు బేసి సంఖ్యలు కలిపితే వంద వస్తుందా?" అని ఒకరోజు అడిగింది. అట్టపెట్టె నిండా కూడికలు వేసి వేసి, సాయంత్రానికి పిల్‌సుకు ఒళ్లు మండిపోయింది.

"రాదే! ఏ వెధవ ఇచ్చాడీ లెక్క?"

"రాదన్నదే జవాబు నాన్నా. రెండు బేసిలు కలిస్తే సరి అవుతుంది. ఐదోది జత లేక మిగిలిపోతుంది." హేరాన్ పడీపడీ నవ్వింది. "సరో బేసో తేల్చడానికి అంత కూడిక ఎందుకు? ఎంత పొడుగు నంబరైనా చివరి అంకె చూస్తే చాలు."

ఆ రోజు నుంచి ఎదురొచ్చిన ప్రతి బండి నంబరూ అతనికి సరో బేసో అయిపోయింది. అతనికొచ్చిన లెక్కల చదువంతా అదే.

నీళ్ల చప్పుడు ఆగింది. తలకు తువ్వాలు చుట్టుకుని హేరాన్ వచ్చింది.

"ఎన్నొచ్చాయి?"

"ఇంకా దిద్దలేదమ్మా."

"చేతినిండా ఎర్ర సిరా పెట్టుకుని దిద్దలేదంటావేంటి? చెప్పు నాన్నా."

"పదకొండు. నా చేతులు విరిగిపోను! పుట్టినరోజు కదా అని మురిసిపోయి, నాలుగింటికే లేచి నాచు సూప్ కాచాను. పరీక్ష రోజు ఆ జారుడు తిండి తింటే పరీక్షలోనూ జారిపోతారన్న సంగతే బుర్రకెక్కలేదు. పిల్లలకు సీటు అతుక్కోవాలని పరీక్ష గేటుకు బంక మిఠాయి అంటిస్తున్న ఆడవాళ్లు 'పిల్లకు ఏం పెట్టి తెచ్చారు' అనడిగారు. చెప్పాను. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పటికి గానీ గుర్తు రాలేదు నాకు. నువ్వు లోపలికి వెళ్లిపోయావు."

"సూప్‌కీ లెక్కలకీ ఏంటి సంబంధం? రెండేళ్లూ సూప్ తినకుండానే తప్పాను కదా?"

"అప్పుడు పద్దెనిమిదైనా వచ్చాయి! మీ అమ్మ ఉంటే ఇలా జరగనిచ్చేదా? నేనే జార్చేశాను నిన్ను. నా చేతులారా!"

అంటూ నెత్తిమీద ఠపఠపా మొట్టుకోసాగాడు. హేరాన్ గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. చీటీ తీసుకుని చూసింది. ఫోను తీసుకుని అదీ చూసింది. చాలాసేపు అలాగే నిలబడిపోయింది. ఆమె ఏడుస్తుందేమోనని పిల్‌సు భయపడ్డాడు. ఆమె మాత్రం పకపకా నవ్వింది.

"నాన్నా! దేంతో దిద్దావు నువ్వు? ఇది బేసి కీ. నాది సరి పేపరు!"

"అంటే?"

"పక్కవాళ్లవి చూసి రాయకుండా రెండు రకాల పేపర్లిస్తారు. హాల్‌టిక్కెట్ నంబరు సరి అయితే సరి పేపరు, బేసి అయితే బేసి పేపరు. జవాబుల వరస మారిపోతుంది. కింద ఇంకో కీ ఉంది చూడు."

కింద నిజంగానే ఇంకో కీ ఉంది.

"ఇటివ్వు, నేనే దిద్దుకుంటా. నెత్తిమీద నిలబడి నాకు ఊపిరాడనివ్వవు, వెళ్లి ఆ సూప్ మిగిలుంటే వెచ్చబెట్టు."

పిల్‌సు పొయ్యి దగ్గర నిలబడ్డాడు. వెనక పెన్ను టకటకలాడుతోంది. ఎంతకీ ఆగదే!

"ఇరవై ఆరు నాన్నా!"

గరిటె గిన్నెలో పడిపోయింది. అతను పిల్లను కావలించుకుని బావురుమన్నాడు. ఆ ఏడుపుతోనే గ్వాంగ్జుకు ఫోన్ చేశాడు.

"ఒసేయ్ చెల్లీ, ఫ్యాక్టరీ లేదు గీక్టరీ లేదు! ఇరవై ఆరు!"

"పొద్దున సూప్ పెట్టి కొంప ముంచానని ఏడ్చావు కదరా అన్నయ్యా?"

"ఆ సూపే గెలిపించిందే!"

హేరాన్ తలెత్తకుండా గిన్నెలో చివరి చుక్క దాకా తాగింది. ఆవిరికి కళ్లు ఎర్రబడ్డాయి.

"ఉండు, వేయించిన కోడి తెస్తా. పుట్టినరోజు పూట సూప్‌తో సరిపెడతామా!" అంటూ చేతికందిన కోటు తగిలించుకుని పిల్‌సు మెట్లు దిగాడు. బయట చలి కొరికేస్తోంది. భుజాల దగ్గర కోటు బిగుసుకుపోతే గానీ అది కూతురిదని తెలియలేదు. నవ్వుకుంటూ జేబులో చేతులు పెట్టుకున్నాడు. గట్టి కాగితమేదో తగిలింది.

హాల్‌టిక్కెట్. వీధి దీపం కింద ఆగి చూశాడు. ఫొటోలో అచ్చం వాళ్లమ్మలాగే ఉంది పిల్ల. దీన్ని పటం కట్టించాలనుకున్నాడు. ఫొటో కింద ఎనిమిదంకెల పొడుగు నంబరు ఉంది. అలవాటు కొద్దీ అతని కళ్లు చివరికి వెళ్లాయి.

ఏడు.